నెల సరుకుల చీటీలో ఆరోగ్యం లెక్క

ఆరోగ్యంగా ఉండాలంటే ఏం చేయాలని అడిగితే మన ఇళ్లలో వినిపించే సలహాలన్నీ కొత్తగా ఏదో ఒకటి మొదలుపెట్టమనేవే. పరగడుపున మెంతుల నీళ్లు, పొద్దున రాగిజావ, సాయంత్రం కషాయం, పడుకునే ముందు పసుపు పాలు. వీటిలో చాలావరకు హాని లేనివే. చిక్కేమిటంటే అవి ఇంట్లో అప్పటికే నడుస్తున్న తిండికి తోడవుతాయి తప్ప దాంట్లో దేన్నీ తగ్గించవు. రెండు పూటలా అన్నం ఎప్పటిలాగే తింటూ పొద్దున బెల్లం వేసిన రాగిజావ తాగితే పెరిగింది పిండిపదార్థమే. పైగా రాగుల్ని మెత్తగా పిండి పట్టించి జావ కాచాక అది త్వరగా అరిగిపోతుంది, రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లు "నేను అన్నం మానేసి జావే తాగుతున్నాను, అయినా తగ్గలేదు" అనడానికి ఒక కారణం ఇదే.

అలవాటు నిజంగా మారిందో లేదో చూపించే కాగితం ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది. అది నెలవారీ కిరాణా చీటీ. ఏ సరుకు ఎన్ని రోజులు వచ్చిందో, దాన్ని ఎంతమంది తిన్నారో లెక్కేస్తే తలసరి తిండి బయటపడుతుంది. నోటితో చెప్పే లెక్కలో అందరూ తక్కువే తింటారు. బస్తా అలా అబద్ధం చెప్పదు.

పోల్చుకోవడానికి ఒక కొలమానం కావాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం సవరించిన ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి, అంటే పెద్దగా శారీరక శ్రమ లేని పెద్దవాళ్లకు, అది చెప్పే కొలతలు ఇవి: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు బరువులు. గుడ్లు, చేపలు, మాంసం తినేవాళ్లు పప్పుల వాటాలో కొంత వాటితో భర్తీ చేసుకోవచ్చు.

దీన్ని నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి, 30 రోజులకు, అంటే 120తో గుణిస్తే నెల చీటీ తయారవుతుంది. బియ్యం, గోధుమపిండి, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, అటుకులు అన్నీ కలిపి 30 కిలోలు. పప్పులు 10 కిలోల పైచిలుకు. నూనె సుమారు మూడున్నర లీటర్లు. ఉప్పుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు కాబట్టి నెలకు 600 గ్రాములు. చక్కెర, బెల్లం, తేనె కలిపి రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలన్నది ఆ సంస్థ మాటే. ఆ లెక్కన నెలకు 3 కిలోలు, బిస్కెట్లలో, కూల్‌డ్రింకుల్లో, మిఠాయిల్లో వచ్చేది కూడా అందులోనే. చిన్నపిల్లలున్నచోట ఇద్దర్ని ఒకరిగా లెక్కేసుకుంటే స్థూలంగా సరిపోతుంది. పొలం పనికో, మేస్త్రీ పనికో వెళ్లేవాళ్లకు ధాన్యం ఎక్కువ కావాలి.

మామూలు ఇంటి చీటీని దీని పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది రెండు చోట్ల. ఉప్పు ఎక్కువ, పప్పు తక్కువ. బియ్యం విషయం కొంచెం మెలికగా ఉంటుంది.

అన్నం ఎక్కడ పెరుగుతోంది

నలుగురికి 25 కిలోల బస్తా నెలంతా వస్తే తలకు రోజుకు 208 గ్రాములు. దానికి మూడు కిలోల గోధుమపిండి, రెండు కిలోల రవ్వ కలిస్తే సరిగ్గా 250. అదే బస్తా ఇరవై రోజులకే అయిపోతుంటే తలకు 312 గ్రాములు, అదీ టిఫిన్లు కలపకముందు. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ఇండియాబ్ సర్వేలో, 2025లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, మన దేశంలో రోజువారీ కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అదే సర్వే 2023లో చెప్పిన లెక్కలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 15.3 శాతం మందికి దాని ముందు దశ ఉన్నాయి.

తెలుగు భోజనంలో అన్నం పెరగడానికి కారణం ఆకలి కన్నా వడ్డించే తీరు. పప్పుతో ఒక ముద్ద, కూరతో ఒక ముద్ద, తర్వాత పులుసో చారో, చివరికి పెరుగు. ప్రతి వంటకానికీ మళ్లీ అన్నం పెట్టుకోవాల్సిందే. నాలుగో విడతకు వచ్చేసరికి ఎంత తిన్నారో తినేవాళ్లకే లెక్క ఉండదు. కంచంలో కూర ఇక్కడ అన్నం కలుపుకోవడానికి వాడే ఆధరువు మాత్రమే. కాబట్టి కూర పెంచితే దానితోపాటు అన్నమూ పెరుగుతుంది.

దీనికి పనికొచ్చే మార్పు చిన్నదే. ఆ పూటకు తినే అన్నమంతా ఒకేసారి పెట్టుకుని, దాన్నే పప్పుకూ చారుకూ పెరుగుకూ పంచుకోవాలి. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో తలకొట్టి పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. పూటకు మనిషికి 80 నుంచి 100 గ్రాములంటే ఆ కప్పులో సగానికి కొంచెం పైనుంచి మూడింట రెండు వంతుల దాకా. వండాక అది రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది. ఈ కొలత ఒక వారం పాటు తూచి చూస్తే చాలు, తర్వాత చేతికే తెలుస్తుంది.

రెండోది, వరస మార్చడం. ముందుగా కూర, పప్పు కొంత ఉత్తగానే తిని, ఆ తర్వాత అన్నం మొదలుపెడితే భోజనం అయ్యాక చక్కెర తక్కువగా పెరుగుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. పీచు, మాంసకృత్తులు ముందుగా కడుపులో చేరితే అన్నం అక్కడి నుంచి చిన్నపేగులోకి నెమ్మదిగా దిగుతుంది. దీనికోసం కూరలో ఉప్పూ కారం కాస్త తగ్గించాలి. అన్నంలో కలుపుకునే ఉద్దేశంతో వండిన కూర ఉత్తగా తినలేరు. ఈ పద్ధతి మూణ్ణాళ్ల ముచ్చటగా ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పెరుగుకు అన్నం అక్కర్లేకుండా మజ్జిగ చేసుకుని తాగితే ఒక విడత తగ్గినట్టే.

గంజి వార్చిన అన్నం వల్ల షుగర్ రాదనీ, చద్దన్నం ఎంత తిన్నా ఏమీ కాదనీ ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. గంజిలో కొంత పిండిపదార్థం పోయే మాట నిజమే. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రూపంలోకి మారే మాటా నిజమే. రెండూ కలిపినా ఒక గరిటె అన్నం తగ్గించినంత ఫలితం ఉండదు.

తిన్నాక పది నిమిషాలు

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లపై ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అందులో పాల్గొన్న 41 మంది కొన్నాళ్లు రోజుకు 30 నిమిషాలు వీలున్నప్పుడు నడిచారు, మరి కొన్నాళ్లు ప్రతి భోజనం తర్వాత పదేసి నిమిషాలు నడిచారు. మొత్తం నడక ఒక్కటే. అయినా భోజనం తర్వాత నడిచిన రోజుల్లో తిన్న తర్వాతి చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తగ్గింది.

కారణం కండరంలో ఉంది. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. తిన్న అరగంట నుంచి గంట, గంటన్నర వరకు చక్కెర పైకి ఎగబాకే సమయం. కాళ్లలోని పెద్ద కండరాలు అప్పుడే పని చేస్తే ఆ ఎత్తు కొంత దిగుతుంది. పొద్దున పార్కులో గంట నడిచి, రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిని, టీవీ ముందు కూర్చుని అటునుంచటే పడుకునేవాళ్లకు పొద్దుటి నడక ఈ పని చేసిపెట్టలేదు. గుండెకు, బరువుకు, నిద్రకు అది మంచిదే, మానాల్సిన పని లేదు. రాత్రి పది నిమిషాలు దానికి కలపాలి.

వేగంగా నడవనక్కర్లేదు. మాట్లాడుతూ నడవగలిగేంత చాలు. అపార్ట్‌మెంట్ వరండాలో, డాబా మీద, వీధి చివరి వరకు ఎక్కడైనా సరే. వానాకాలంలో బయటికి వెళ్లడం కుదరకపోతే వంటిల్లు సర్దడం, గిన్నెలు కడగడం కూడా నిలబడి చేసే పనే, కూర్చోవడం కన్నా మేలు. ఇంటి ఆడవాళ్లు తిన్న వెంటనే ఈ పనులన్నీ చేస్తుంటే మగవాళ్లు కుర్చీ వెతుక్కోవడం మన ఇళ్లలో మామూలు. పళ్లేలు ఎత్తే పని మారితే లాభం రెండు విధాలా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు తప్పవు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు నడక కొత్తగా మొదలుపెడితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, డోసు గురించి డాక్టరును అడగాలి. ఇక తిన్నాక నడుస్తుంటే ఛాతీ మధ్యలో బిగదీసినట్టయి, ఆగితే తగ్గుతుంటే దాన్ని గ్యాస్ అని సోడా తాగి సరిపెట్టుకోకూడదు. గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉన్నవాళ్లకు నొప్పి తరచుగా బయటపడేది ఇలాగే.

పదివేల అడుగుల లక్ష్యం గురించి ఒక మాట. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరం పేరులోంచి వచ్చింది, ఏ వైద్య పరిశోధనలోంచీ రాలేదు. ఇప్పటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఏడువేల అడుగుల దగ్గరే చాలా ప్రయోజనం దక్కుతోంది. రెండువేలు నడిచే మనిషి నాలుగువేలకు చేరినా తేడా ఉంటుంది. ఫోన్లో అంకె నిండలేదని రాత్రి పదకొండింటికి ఇంట్లో గుండ్రంగా తిరిగేవాళ్లు ఆ సమయం నిద్రకు ఇస్తే మంచిది. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి.

నడక ఒక్కదానితో కండ పెరగదు. వారానికి రెండు రోజులైనా కండరాలకు బరువు పడే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ పరికరమూ లేకుండా చేయదగ్గది కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం. పదేసి సార్లు రెండు విడతలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాలి. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

పప్పు పది కిలోలా?

ఈ అంకె చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. నలుగురున్న ఇంట్లో కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్లు రెండు, పెసరపప్పు, శనగపప్పు చెరొకటి రాస్తే ఆరు. తలకు రోజుకు 50 గ్రాములు. పప్పు రోజూ వండుతున్నాం కదా అనుకుంటారు గానీ నలుగురికి కుక్కర్లో పడేది తరచుగా ఒక కప్పు లోపే, అంటే తలకు 40 గ్రాములు కూడా దాటదు. పప్పుచారైతే ఇంకా పల్చన. మాంసకృత్తుల కోసం డబ్బాల్లో వచ్చే పొడులు కొనేముందు ఈ కప్పు సంగతి చూసుకోవచ్చు.

పప్పు పెంచడమంటే అన్నంలో మరింత ముద్దపప్పు కలుపుకోవడం అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. అన్నం అక్కర్లేని రూపాల్లో తినాలి. దీనికి పెసరట్టుకు మించింది లేదు. నలుగురి పెసరట్లకు రెండు కప్పుల పెసలు, అంటే సుమారు 300 గ్రాములు నానబెడితే ఆ రోజు వాటా దాదాపు టిఫిన్‌తోనే తీరిపోతుంది. అందులో బియ్యం గుప్పెడు మించకుండా చూడాలి, మధ్యలో ఉప్మా పెట్టకుండా ఉండాలి. ఇడ్లీలో ఒకటికి రెండు పాళ్లు రవ్వే. దోశపిండిలో బియ్యం ఇంకా ఎక్కువ. అలసందల వడల రుచి గొప్పదే గానీ నూనె లెక్క తప్పుతుంది. గుగ్గిళ్లు, ఉడికించిన పల్లీలు, మొలకెత్తిన పెసలు సాయంత్రం బిస్కెట్ల చోటును ఆక్రమిస్తే చక్కెర లెక్కా తగ్గుతుంది. మాంసకృత్తుల పరంగా ఒక గుడ్డు దాదాపు 25 నుంచి 30 గ్రాముల పప్పుతో సమానం.

ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం ఖాయం. శనగలు, రాజ్మా లాంటివి ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ కొలత వర్తించదు, వాళ్ల మాంసకృత్తుల మోతాదు డాక్టరే చెప్పాలి.

పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం మరో సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. శాకాహారంలోని ఇనుమును పేగు అంత తేలిగ్గా పీల్చుకోదు. టిఫిన్ తింటూనే టీ తాగితే అందులోని టానిన్లు ఆ కాస్త ఇనుమునూ కట్టేస్తాయి. టీ, కాఫీలకు భోజనంతో ఒక గంట ఎడం ఇవ్వాలి. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండితే విటమిన్ సి ఇనుమును అరిగే రూపంలోకి మారుస్తుంది. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి ఆ విటమిన్ చాలావరకు పోతుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ ఇదే నియమం. పాలతోనూ టీతోనూ మింగకూడదు.

నూనె గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మూడున్నర లీటర్ల లెక్క దాటుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ డీప్ ఫ్రై, లేదా అట్ల చుట్టూ గిన్నెలోంచి పోసే అలవాటు. చెంచాతో వేస్తే సగం తగ్గుతుంది. వాడిన నూనె మిగిలితే వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయాలి. అందులో కొత్త నూనె కలిపి మళ్లీ బజ్జీలకు పెడితే పాత నూనెలోని విరిగిపోయిన పదార్థాలు కొత్తదాన్నీ త్వరగా పాడుచేస్తాయి. నల్లబడటం, చిక్కబడటం, నురగ రావడం, త్వరగా పొగ చిమ్మడం గుర్తులు.

ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతుంది

ఉప్పు విషయంలో చీటీ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. నలుగురికి కిలో ప్యాకెట్ నెలకొకటి అయిపోతుంటే తలకు రోజుకు 8.3 గ్రాములు. కూరగాయలు కడగడానికి, ఇతర పనులకు కొంత పోయినా, హోటల్ తిండి, చిప్స్, బ్రెడ్, బిస్కెట్ల ఉప్పు ఈ లెక్కలో లేదు కాబట్టి చివరికి మిగిలేది తక్కువేమీ కాదు. హద్దు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా తలకొట్టి తీసినంత. ప్యాకెట్ల మీద సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు.

ఊరగాయ లెక్క విడిగా వేయాలి, ఎందుకంటే ఆవకాయ పెట్టే ఉప్పు వేసవిలో ఒక్కసారే కొంటారు, నెల చీటీలో కనపడదు. నిలవ ఉండాలంటే ఉప్పు దండిగా పడాల్సిందే, తగ్గిస్తే బూజు పడుతుంది. నూటికి పది పాళ్లు ఉప్పు అనుకున్నా, 15 గ్రాముల ఆవకాయ బద్దతో గ్రామున్నర ఉప్పు లోపలికి పోతుంది. రోజుకు రెండుసార్లు వేసుకుంటే హద్దులో సగం పైనే ఊరగాయకు చెల్లింది. అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, కారప్పొడులు సరేసరి. ఆవకాయ మానమని చెబితే ఎవరూ వినరు, అలా చెప్పడం దండగ. బద్ద వేసుకునే రోజు కూర చప్పగా ఉండేలా చూసుకోవడం, పూటకు ఒక్క నిలవ పచ్చడికే పరిమితం కావడం కుదిరే పని.

తగ్గించడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కసారిగా సగానికి కోసేయడం. మొదటిరోజే ఇంటిల్లిపాదీ చప్పగా ఉందంటారు, పక్కన ఉప్పు డబ్బా పెట్టుకుంటారు, పైన చల్లుకునేది మొదటికన్నా ఎక్కువవుతుంది. నాలుక అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే నెలకు పదోవంతు చొప్పున తగ్గించాలి. ఉప్పు డబ్బాలో చేయి పెట్టి వేసే బదులు ఒకే చెంచా ఉంచి, దానితోనే కొలవాలి. కిలో 30 రోజులు వచ్చే ఇంట్లో వచ్చే నెల 33 రోజులు, ఆపై నెల 37 రోజులు వస్తే దారిలో ఉన్నట్టే. పులుపు, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర ఉప్పు లోటు కొంత కప్పిపుచ్చుతాయి. ఉప్పు చివర్లో వేస్తే తక్కువతోనే నాలుకకు తగులుతుంది. అన్నం, చపాతీ పిండిలో ఉప్పు వేసే అలవాటుంటే మొదట మానాల్సింది అదే, ఎవరూ గుర్తుపట్టరు.

సైంధవ లవణం, గులాబీ ఉప్పు వాడితే బీపీ రాదనేది అమ్మేవాళ్లు చెప్పే మాట. వాటిలోనూ అత్యధిక భాగం సోడియం క్లోరైడే. తేడా అయోడిన్‌లో ఉంది. చాలా రకాల్లో అది కలపరు. ఇంటిల్లిపాదీ వాటికి మారితే థైరాయిడ్‌కు కావాల్సిన అయోడిన్ తగ్గుతుంది, గర్భిణులున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కల్లుప్పు కొనేటప్పుడూ అయోడిన్ ఉందో లేదో ప్యాకెట్ మీద చూడాలి.

నిజంగా తేడా ఉన్నది పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పులో. చైనాలో 600 గ్రామాల్లో, దాదాపు 21 వేల మందిపై జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. పాల్గొన్నవాళ్లు పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్లు, లేదా 60 ఏళ్లు దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం గ్రామాలకు మూడొంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపింది ఇచ్చారు. వాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును పెద్దవాళ్లకు సిఫారసు చేస్తూనే పిల్లల్ని, గర్భిణుల్ని, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లను మినహాయించింది.

ఆ మినహాయింపు మన దగ్గర చాలా గట్టిగా వినాల్సింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం చుట్టుపక్కల, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఊళ్లను పట్టి పీడిస్తోంది. మొదటి దశల్లో ఏ లక్షణమూ కనపడదు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వాడేవాళ్లలో, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లలో కూడా పొటాషియం పెరిగే స్వభావం ఉంటుంది. అందువల్ల బీపీ రోగి తనంతట తాను ఈ ఉప్పుకు మారకూడదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే వాడాలి. ఒంటినొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజుల తరబడి మింగడం కిడ్నీలకు అంతకన్నా పెద్ద ముప్పు, బీపీనీ పెంచుతుంది.

ఎండలో చెమటోడ్చేవాళ్ల సంగతి వేరు. ఉపాధి హామీ పనికో, ఇటుక బట్టీకో వెళ్లేవాళ్లు మే నెలలో ఉప్పు వేసిన పల్చని మజ్జిగ తాగాల్సిందే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగితే ద్రావణం చిక్కబడి దప్పిక పెరుగుతుంది, విరేచనాలు ఉన్నవాళ్లకైతే అవి ఇంకా ఎక్కువవుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి.

బీపీ మిషన్ ఇంట్లో ఉంటే

ఉప్పు తగ్గించిన ఫలితం నాలుకకు తెలియదు, బీపీ అంకెలో తెలుస్తుంది. ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. ఇంట్లో మిషన్లు ఇప్పుడు చాలామంది కొంటున్నారు గానీ వాటిని వాడే తీరులో సగం అంకెలు తప్పొస్తున్నాయి.

కొనేటప్పుడే చూడాల్సింది పట్టీ కొలత. దండచేతి మధ్యలో టేపుతో కొలిస్తే 22 నుంచి 32 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకు మామూలు పట్టీ సరిపోతుంది. లావు చేతికి అదే చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. మణికట్టుకు కట్టే మిషన్లు చేయి ఎత్తును బట్టి మారిపోతాయి, దండచేతికి కట్టేదే నయం.

చూసుకునే అరగంట ముందు నుంచి టీ, కాఫీ, పొగ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనేలా కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో, చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీదే కట్టాలి. చేయి వేలాడేస్తే అంకె పెరుగుతుంది. పక్కవాళ్లు "ఎంతొచ్చింది?" అని అడుగుతుంటే జవాబు చెప్పడమూ పెంచుతుంది. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఇలా పొద్దున మాత్ర వేసుకోకముందు, సాయంత్రం, ఏడు రోజులు. మొదటిరోజు అంకెలు కొట్టేసి మిగతా ఆరు రోజుల సగటు తీయాలి. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే అది ఆస్పత్రిలో 140/90తో సమానం, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్తే ఆస్పత్రి కంగారులో వచ్చే ఒక్క అంకెను బట్టి మందు రాయాల్సిన అవసరం తప్పుతుంది.

ఒక్కసారి 160 వచ్చిందని రాత్రంతా పావుగంటకోసారి చూసుకుంటే భయంతోనే అది దిగదు. అయితే 180/120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చేయో కాలో పట్టు తప్పడం ఉంటే మళ్లీ చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఇక సగటు 120లకు దిగిందని మాత్ర ఆపేయడం మన దగ్గర పక్షవాతాలకు సాధారణ కారణాల్లో ఒకటి. ఆ అంకె మాత్ర వేసుకుంటున్నందువల్ల వచ్చింది. ఉప్పు, బరువు, నడక నిజంగా పనిచేస్తుంటే కొన్ని నెలల రాతల్లో అది కనిపిస్తుంది. మోతాదు తగ్గించాలో లేదో ఆ రాతలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు.